ఇరవై నాలుగు బహుమతులు, తొమ్మిది మంది పిల్లలు

మా వాళ్ళలో ఎవరు పోయినా మా స్కూల్లో ఒక బహుమతి పుడుతుంది. నలభయ్యో రోజు ప్రార్థన అయిన మర్నాడే ఆ ఇంటివాళ్ళు నల్లబట్టల్లో ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు కూర్చుంటారు. "మా నాన్న పేరు మీద ఏదన్నా పెడదామమ్మా షాకే, లెక్కల్లో ఖాళీ ఉందా?" అని అడుగుతారు. లెక్కలు నిండిపోయి ఇరవై ఏళ్ళయింది. సైన్సు, చరిత్ర, బైబిలు, బొమ్మలు, అన్నీ నిండిపోయాయి. అందుకని చక్కటి చేతిరాతకొకటి, స్కూలు ఎగ్గొట్టనందుకొకటి, పెద్దవాళ్ళు కనబడితే లేచి నిలబడినందుకొకటి, ఆఖరికి పాచికలాటకు కూడా ఒకటి పుట్టాయి. ఇవన్నీ ఎనిమిదో తరగతి పూర్తిచేసి వెళ్ళిపోయే పిల్లలకే. ఆ ఏడాది వాళ్ళు తొమ్మిది మంది. బహుమతులు ఇరవై నాలుగు.

లాస్ ఏంజెలెస్‌లో వ్యాలీ వైపు ఉన్న చిన్న అర్మేనియన్ స్కూలు మాది. దానికి పద్నాలుగేళ్ళుగా నేనే సెక్రటరీని. బేరూత్ నుంచి వలస వచ్చినవాళ్ళకు యెరెవాన్ వాళ్ళంటే పడదు, వాళ్ళిద్దరికీ టెహ్రాన్ వాళ్ళంటే పడదు. ముగ్గురూ కలిసేది నన్ను తిట్టడానికే.

బహుమతుల పద్ధతి ఇది. మాస్టార్లు ఒక్కో బహుమతికీ చీటీ మీద ఇద్దరి పేర్లు వరసగా రాసిస్తారు. ఆ చీటీ పోయినవాళ్ళ ఇంటికి వెళ్తుంది. ఇద్దరిలో ఎవరికివ్వాలన్నది ఇంటివాళ్ళ ఇష్టం. జూన్‌లో స్కూలు పండగ రోజున ఆ ఇంటి పెద్ద స్టేజీ ఎక్కి, పోయినవాళ్ళ గురించి ఒక్క నిమిషం మాట్లాడాలని రూలు కాబట్టి ఏడు నిమిషాలు మాట్లాడి, పిల్ల పేరు పిలిచి, రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టి చేతికిస్తారు. చీటీలు ఏప్రిల్ నుంచి ఒక్కొక్కటే నాకు తిరిగొస్తుంటాయి. వచ్చినదాన్ని వచ్చినట్టు టైపు చేసి, దళసరి కాగితం మీద ప్రోగ్రాం అచ్చుకిస్తాను. మొత్తం ఒక్కసారి కూర్చుని చదివే తీరిక నాకెప్పుడూ లేదు. ఆ ఏడాదీ లేదు.

పండగ ఆదివారం. మంగళవారం రిహార్సల్. మధ్యాహ్నం మా అబ్బాయి హ్రాగ్ ఆఫీసులోకి వచ్చి, నా బల్ల మీది బిస్కెట్లు తింటూ నిలబడ్డాడు. వాడూ ఆ తొమ్మిది మందిలో ఒకడే.

"అమ్మా, మానుషాగ్‌ని ఎవరూ పిలవలేదు."

"ఎక్కడికి?"

"స్టేజీ మీదికి. అందరం మూడు నాలుగుసార్లు ఎక్కి దిగాం. టోరోస్‌గాడు కూడా రెండుసార్లు ఎక్కాడు. తను కూర్చునే ఉంది. చివర్లో టీచర్ జాలిపడి కర్టెన్ తాడు పట్టుకోమంది."

"నువ్వు సరిగ్గా చూసుండవు."

"పక్క కుర్చీ నాదే అమ్మా."

ప్రోగ్రాం తీసి వేలు పెట్టి చదివాను. మళ్ళీ చదివాను. హ్రాగ్‌కు నాలుగు. దంతవైద్యుడి కవలలకు చెరో మూడు. చదువంటే ఆమడ దూరం పరిగెత్తే టోరోస్‌కు రెండు. మానుషాగ్ పేరు ఎక్కడా లేదు. తరగతిలో మొదటి ర్యాంకు ఆ పిల్లది. మూడేళ్ళ కిందట అలెప్పో నుంచి వచ్చినప్పుడు ఇంగ్లీషులో మంచినీళ్ళు అడగడం కూడా రాదు. ఇప్పుడు లెక్కల మాస్టారే ఆ పిల్ల నోట్సు అడిగి తీసుకుని పాఠం చెబుతున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆ పిల్ల తల్లి హూరీ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. రోడ్డు చివర దర్జీ షాపులో కుడుతుంది. బ్లౌజు మీద ఇంకా దారం ముక్కలున్నాయి.

"షాకే అక్కా, ఇంటికి ఆరు సీట్లే ఇస్తారటగా. నాకు పదకొండు కావాలి. ఫ్రెస్నో నుంచి మా అన్నయ్యవాళ్ళు వస్తున్నారు."

"చూద్దాంలే హూరీ."

"ఇంకోటి. పిల్ల ఎన్నిసార్లు స్టేజీ ఎక్కుతుందో చెబితే మా అన్నయ్య ఫొటోలకు ఏర్పాటు చేసుకుంటాడు. ఏడా, ఎనిమిదా?"

నేను కాగితాలు సర్దుతున్నట్టు నటించాను.

"ఈ ఊళ్ళో మనకెవరూ లేరు, మార్కులే మన చుట్టాలు అని చెప్పి పెంచా దాన్ని," అంది హూరీ నవ్వుతూ. "పాపం, పట్టుకుని చదివింది. సరిగ్గా ఎన్నో రేపు ఫోన్ చేసి చెబుతారా?"

"చెబుతాను," అన్నాను. ఏం చెబుతాను, నా మొహం.

ఆమె వెళ్ళాక బీరువాలోంచి ఆ ఏటి చీటీలన్నీ తీసి బల్ల మీద పరిచాను. ఇరవై నాలుగు చీటీల్లో పద్దెనిమిదింటి మీద మొదటి పేరు మానుషాగ్‌దే, పాచికలాటతో సహా; మాస్టార్లు చేతి అలవాటుకొద్దీ ముందు ఆ పేరే రాసేశారు. పద్దెనిమిది ఇళ్ళవాళ్ళూ మొదటి పేరు వదిలేసి రెండో పేరు కింద గీత గీశారు.

మర్నాడు సిర్‌పుహి అక్క ఇంటికి వెళ్ళాను. లెక్కల బహుమతి ఆవిడ పోయిన తమ్ముడి పేరు మీద ఉంది. కాఫీ ఇచ్చి, తమ్ముడి చిన్నప్పటి ఆల్బం మొదటి పేజీ నుంచి చూపించింది. మూడో కాఫీ దగ్గర విషయం చెప్పగలిగాను.

"అదేమిటే, ఆ పిల్లకు ఒక్కటీ లేకపోవడమేమిటి?" అంది. "అంత తెలివిగల పిల్ల. ఎలాగూ పదో పన్నెండో వస్తాయి కదా, మోయలేక చస్తుంది, ఇదొక్కటీ ఇంకో పిల్లకిస్తే పుణ్యమని రెండో పేరు పెట్టాను."

"అందరూ అదే పుణ్యం చేశారక్కా."

"నాకేం తెలుసు అందరి సంగతి?"

"ఇప్పుడన్నా మార్చవచ్చు కదా. ఒక్క లెక్కలది ఇస్తే చాలు."

"అమ్మో, ఆ కవల పిల్లల నాయనమ్మతో చర్చిలో చెప్పేశాను. ఆవిడ నాకు వరసకు వియ్యపురాలు. ఇప్పుడు కాదంటే క్రిస్మస్ దాకా మొహం చూడదు. ఇంకెవరినైనా అడుగు. మా తమ్ముడొక్కడే పోయాడా ఏం ఊళ్ళో?"

అక్కణ్ణుంచి గారబేద్ కొట్టుకు వెళ్ళాను. ఆయన స్కూలు కమిటీ ఛైర్మన్, మాంసం కొట్టు యజమాని. తల మీద ఎండు మాంసం చెక్కలు వేలాడుతుంటే వాటికింద నిలబడి విన్నాడు. చరిత్ర బహుమతి వాళ్ళమ్మ పేరు మీద ఉంది.

"ప్రోగ్రాం అచ్చయిపోయిందమ్మా," అన్నాడు.

"అచ్చయినా మీరు నోటితో పిలిచే పేరే కదండీ ముఖ్యం."

"ఇవాళ మా అమ్మది మారుస్తావు. రేపు ఇంకొకడి నాన్నది మారుస్తావు. ఒక పద్ధతనేది ఉండొద్దా? సైన్సువాళ్ళని అడుగు. వాళ్ళు మెత్తనివాళ్ళు."

సైన్సువాళ్ళు బైబిలువాళ్ళని అడగమన్నారు. బైబిలువాళ్ళు చేతిరాతవాళ్ళని. మూడు రోజులు కారేసుకుని వ్యాలీ అంతా తిరిగాను. పద్దెనిమిది ఇళ్ళు కాదు, పదిహేడు. ప్రతి ఇంట్లో కాఫీ, ప్రతి ఇంట్లో ఒక ఆల్బం, ప్రతి ఇంట్లో "అయ్యో పాపం, ఎంత అన్యాయం". ఇస్తామన్నవాళ్ళు ఒక్కరు లేరు. ప్రాణం విసిగిపోయింది. ఆ పిల్ల మీద ఇంత ప్రేమ కురిపించి, ఇంత తేలిగ్గా చేతులు దులుపుకున్న మనుషుల్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

పద్దెనిమిదో ఇల్లు మాదే.

మా మామగారు మిహ్రాన్ పోయి పదకొండేళ్ళు. అర్మేనియన్ వ్యాసానికిచ్చే వెండి పతకం ఆయన పేరు మీద ఉంది. మా అత్తగారు ఓవ్‌సన్నా పదకొండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పిల్లలందరికీ అది ఇస్తూ వచ్చింది. ఇచ్చిన ప్రతిసారీ ఇంటికొచ్చి, "మన హ్రాగ్‌ది ఎప్పుడో" అని వేళ్ళు మడిచి లెక్కపెట్టేది. అర్మేనియన్ చెప్పే యెర్వాంత్ మాస్టారు ఏప్రిల్‌లో ఇచ్చిన చీటీలో మొదటి పేరు మానుషాగ్, రెండో పేరు హ్రాగ్. నేనా చీటీ ఇంటికి తీసుకెళ్ళలేదు. వంటింట్లో నిలబడి, "అత్తయ్యా, ఈసారి మనవాడేనట" అన్నాను. ఆవిడ చెయ్యి తుడుచుకుని నా నుదుటి మీద ముద్దుపెట్టింది. ఆ పిల్లకు ఎలాగూ చాలా వస్తాయి కదా అని నేనూ అనుకున్నాను. వీళ్ళందరినీ తిట్టుకుంటూ తిరిగినదాన్ని, ఈ ముక్క మాత్రం ఎవరితోనూ అనలేదు.

బుధవారం సాయంత్రమే, సిర్‌పుహి అక్క ఇంటి నుంచీ గారబేద్ కొట్టు నుంచీ వచ్చి, అత్తగారితో అంతా చెప్పేశాను. ఆవిడ బల్ల దగ్గర కూర్చుని ద్రాక్షాకుల్లో బియ్యం, మాంసం పెట్టి చుడుతోంది. నేను చెబుతున్నంతసేపూ చెయ్యి ఆగలేదు. చీటీలో మొదటి పేరు మానుషాగ్‌దని చెప్పగానే ఆగింది.

"నాకు ఒక్క పేరే చెప్పావు."

"అవును."

"మొదటిది దాచావు."

"మీరు పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్నారని..."

"నేను ఎదురుచూశాను. దొంగతనం చెయ్యమన్నానా?"

"అయితే ఆ పిల్లకే ఇచ్చేద్దాం అత్తయ్యా. సరిపోతుంది."

"ఏం సరిపోతుంది?" అని ఆకు బల్ల మీద పడేసింది. "వాడికి చెప్పేశాను. బేరూత్‌లో ఉన్న మా చెల్లికి చెప్పాను. మీ మామ సమాధి దగ్గరకెళ్ళి ఆయనకీ చెప్పొచ్చాను. ఇప్పుడు వెళ్ళి, మీ కోడలు చీటీ దాచింది, అబద్ధం చెప్పాను అని చెప్పనా? నువ్వు దాచావు, నువ్వే చూసుకో. ఆ పతకం నా మనవడిది."

మా ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, కారు ఆయిల్ మార్చాలంటూ గ్యారేజీలోకి వెళ్ళిపోయాడు. ఆ నెలలో ఆ కారు ఆయిల్ మార్చడం అది మూడోసారి.

ఆదివారం దాకా ఆవిడ నాతో మాట్లాడలేదు. మాట్లాడితే ఒకటే మాట, "నువ్వు దాచావు". ఉప్పు అందించమన్నా అదే, టీవీ తగ్గించమన్నా అదే. హ్రాగ్ మా ఇద్దరి మధ్యా తలొంచుకుని అన్నం తిన్నాడు. వాడికి ఎంత తెలుసో నేను అడగలేదు. హూరీకి ఫోన్ చెయ్యలేదు. ఆమె రెండుసార్లు చేసింది, నేను తియ్యలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం చర్చి కింద హాలు కిక్కిరిసిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయే కానీ గాలి రావడం లేదు. పోయినవాళ్ళ పేరు చదివి, వాళ్ళింటి పెద్దను స్టేజీ మీదికి పిలవడం నా పని. పిల్ల పేరు పిలవడం వాళ్ళ పని. తొమ్మిది మంది పిల్లలూ స్టేజీ పక్కగా ఒకే వరసలో కూర్చున్నారు. మూడో వరసలో హూరీ, ఆమె వెనక ఫ్రెస్నో అన్నయ్య కెమెరా పట్టుకుని ఉన్నారు. నేను అటు చూడలేదు.

మొదట సిర్‌పుహి అక్క ఎక్కింది. తమ్ముడి గురించి తొమ్మిది నిమిషాలు మాట్లాడింది. కళ్ళు తుడుచుకుంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"మానుషాగ్," అని పిలిచింది.

నా కళ్ళు చెమర్చాయి. ఈవిణ్ణా నేను మూడు రోజులుగా తిట్టుకున్నాను అనిపించింది. మానుషాగ్ చెవులు ఎర్రబడి, తడబడుతూ వెళ్ళి తీసుకుంది. హూరీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

రెండోసారి గారబేద్ ఎక్కాడు. గొంతు సవరించుకుని, "మానుషాగ్" అన్నాడు. ఎంత మంచివాడు, పైకి అలా ఉంటాడు కానీ, అనుకున్నాను. మూడో ఇల్లు సైన్సు. "మానుషాగ్." నాలుగోది బైబిలు. "మానుషాగ్."

అప్పుడు నాకు తెలిసొచ్చింది. నేను ఒక్కో ఇంటికీ విడివిడిగా వెళ్ళి బతిమాలాను. ఒక్కో ఇల్లూ విడివిడిగా మనసు మార్చుకుంది. ఇంకెవరూ ఇవ్వరు, మనమే ఇచ్చి పుణ్యం కట్టుకుందాం అని ప్రతివాళ్ళూ అనుకున్నారు. పక్కవాళ్ళకు ఒక్క ఫోన్ చేసి చెప్పే అలవాటుంటే వాళ్ళు మావాళ్ళు ఎందుకవుతారు?

చేతిరాత బహుమతి మానుషాగ్‌కు వచ్చింది. స్కూలు ఎగ్గొట్టనందుకిచ్చేది మానుషాగ్‌కు వచ్చింది, ఫిబ్రవరిలో ఆటలమ్మ పోసి ఆ పిల్ల రెండు వారాలు రాకపోయినా. పాచికలాట బహుమతి కూడా వచ్చింది. ఆ పిల్ల జన్మలో పాచికలు ముట్టి ఎరగదు. అది టోరోస్‌ది. వాడికి నిజంగా వచ్చిన ఏకైక విద్య అదే. వాడి తల్లి లేచి నిలబడి, "ఏంటిది?" అని హాలంతటినీ అడిగింది. చప్పట్లు ఆగిపోయాయి. కవలల నాయనమ్మ సిర్‌పుహి అక్క వైపు చూస్తున్న చూపుకు క్రిస్మస్ కాదు, వచ్చే ఈస్టర్ దాకా ఆశ లేదనిపించింది. హూరీ కెమెరా దించమని అన్నయ్య చెయ్యి లాగింది. తరవాత తనే తల దించుకుంది. హ్రాగ్ తన కుర్చీ ఖాళీ చేసి ఇచ్చాడు, ఆ షీల్డులూ పుస్తకాలూ గడియారాలూ పెట్టుకోవడానికి. మానుషాగ్ పిలిచినప్పుడల్లా లేస్తోంది, ముద్దులు పెట్టించుకుంటోంది, వచ్చి కూర్చుంటోంది. ఏడుపు ఆపుకోవడం కనిపిస్తూనే ఉంది. అసలు ఆ పిల్లను ఏం చేశామో, ముందు బాగుందా ఇప్పుడు బాగుందా, నాకు అర్థం కాలేదు.

ఇరవై మూడయ్యేసరికి పదిహేడు ఆ కుర్చీలో ఉన్నాయి. మిగిలింది మా ఇల్లొక్కటే. మా మామగారి పేరు చదవాలి. కాగితం పట్టుకుని మా అత్తగారి వైపు చూశాను.

ఆ సందులో మానుషాగ్ లేచింది. హ్రాగ్ చేతిలోని ప్రోగ్రాం అడిగి తీసుకుంది. కుర్చీలోంచి లెక్కల షీల్డు తీసి, కాగితం చూసి, కవలల్లో పెద్దదాని ఒళ్ళో పెట్టింది. చరిత్ర పుస్తకం తీసి, కాగితం చూసి, ఆ వరస చివరి అబ్బాయికిచ్చింది. గడియారం ఇంకొకరికి. పాచికల పెట్టె టోరోస్‌కు. వాడు "థాంక్స్" అని గట్టిగా అన్నాడు, అంతమందిలో వినిపించింది ఆ ఒక్క మాటే. పదిహేడూ అచ్చులో ఎలా ఉన్నాయో అలా పంచేసింది. ఆ పిల్ల మొహంలో కోపం లేదు, హోంవర్కు పుస్తకాలు పంచుతున్నట్టే పంచింది. ప్రోగ్రాం మడిచి హ్రాగ్‌కిచ్చి, ఖాళీ చేతులతో తన కుర్చీలో కూర్చుంది. మొత్తం హాలు సిగ్గుపడింది. గారబేద్ తన బూట్ల వంక చూసుకుంటూ కూర్చున్నాడు.

నేను పిలవకుండానే మా అత్తగారు లేచింది. కర్ర ఆనించుకుంటూ మెట్లెక్కింది. నా చేతిలోంచి మైకు లాక్కుంది. మామగారి గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ స్టేజీ మీద అలా ఎన్నడూ జరగలేదు.

"కాగితంలో మా మనవడి పేరుంది," అంది. "మాస్టారు రాసిన చీటీలో మాత్రం మొదటి పేరు ఈ పిల్లది. ఆ చీటీ మా ఇంటివాళ్ళమే దాచిపెట్టాం."

నాలుగు రోజులు నువ్వు దాచావు, నువ్వు దాచావు అని నన్ను తినేసిన మనిషి, అంతమంది ముందు దాచిపెట్టాం అంది. నేను మైకు స్టాండు పట్టుకుని నిలబడిపోయాను.

"మానుషాగ్, ఇలా రామ్మా."

ఆ పిల్ల వచ్చింది. అత్తగారు పతకం మెడలో వేసి, రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టింది. మానుషాగ్ వెనక్కి నడుస్తూనే మెడలోంచి పతకం తీసింది. ఆ పిల్లకు అప్పటికి అదే అలవాటైపోయింది. ప్రోగ్రాంలో ఉన్న పేరుకే ఇవ్వాలని హ్రాగ్ ముందు ఆగి, చెయ్యి చాపింది.

మా వాడు రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకున్నాడు.

మానుషాగ్ కాసేపు అలాగే నిలబడింది. వాడు కదల్లేదు. అప్పుడు పతకం మళ్ళీ మెడలో వేసుకుని కూర్చుంది.